పంజాకు ఇచ్చిన చేయి

జూన్ 12, గురువారం

పీర్ల సావిడికి తాళం వేశారు. వేసింది ఉవైస్. వద్దు అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఊరంతా చూస్తూ నిలబడింది. తాళం కొత్తది, నా పిడికిలంత ఉంది.

పాన్‌గల్ షాపులో నా పక్కనే కూర్చుని మోటార్లకు తీగ చుట్టే మనిషి. పొద్దున నా డబ్బాలో పల్లీల తొక్కు వేసుకుని తిన్న మనిషి. సాయంత్రం ఊరికి వచ్చి తాళం వేశాడు. బండి మీద వెనక కూర్చున్నది నేనే. దారి పొడవునా బోర్ల గురించి మాట్లాడాడు గాని ఈ మాట ఎత్తలేదు.

సావిడి వాళ్లదే, ఆ మాట నిజం. వాళ్ల తాత పీర్లను చూసుకునే ముజావరు, వాళ్ల నాయన బాబా కూడా ముజావరే. బాబాకు మోకాళ్లు పోయాయి కాబట్టి ఇప్పుడు పెత్తనం కొడుకుది. మొహర్రంలో పీర్లను నిలబెట్టడం మా దీన్‌లో లేదు, ఈ ఏడు నుంచి బంద్ అంటున్నాడట. ఇటు గణేష్ నెల కిందే యువజన సంఘం పిల్లలకు చెప్పి పెట్టాడు: ఈసారి మనోళ్లు ఎవరూ పోవద్దు, వాళ్ల పండుగ వాళ్లు చేసుకుంటారు అని. పుట్టిన కాడి నుంచి ఒక్క మాట మీద కలవని ఇద్దరు దీని మీద కలిశారు.

నాకు పీర్ల మీద భక్తి లేదు. ఏ దేవుడి మీదా లేదు. పదో తరగతి తర్వాత బడి మానేసి వనపర్తి లైబ్రరీలో కూర్చుని నేను నేర్చుకున్నది ఒక్కటే, లేనిదాన్ని లేదు అనడం. పండుగ ఉంటే ఎంత, పోతే ఎంత.

కాని నాయన ఉన్నాడు.

ఊరేగింపులో పెద్ద పీరును ఎత్తుకునేది మా నాయన. పోయినేడు పండుగ పదో నాడు పీర్లను వాగులో కడిగి పెట్టెలో పెట్టే ముందు, పెద్ద పీరు పంజా మీద తన కుడి చేయి ఆనించాడు. ఆ పంజా కూడా చేయే, ఇత్తడిది, ఐదు వేళ్లు. "మళ్ల నిన్ను ఎత్తుకునేదాక ఈ చెయ్యి మందు ముట్టదు" అన్నాడు. నేను పక్కనే ఉండి నవ్వాను. వారం అనుకున్నాను. ఏడాది కావస్తోంది. ఇంకోసారి తాగితే నా దగ్గరికి తేవద్దు, తెచ్చినా లాభం లేదు అని డాక్టరు చెప్పినప్పుడు ఆగని మనిషి. అమ్మ ఏడిస్తే ఆగలేదు. నేను సీసాలు పగలగొడితే ఆగలేదు. ఇత్తడి చేయికి మాట ఇచ్చి ఆగాడు.

నెలవంక కనబడడానికి రెండు వారాలుంది.


జూన్ 13, శుక్రవారం

నాయనకు ఇంకా తెలియదు. మా ఇల్లు ఊరికి ఈ కొసన, సావిడి ఆ కొసన. ఆయన పొద్దంతా చేనులో పత్తి గింజలు పెడుతున్నాడు.

గద్వాలలో మగ్గాల వాళ్లను అడిగి చీర అంచు ముక్క ఒకటి తెచ్చుకున్నాడు, జరీది. పీరుకు దట్టీ కట్టడానికి. దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంటున్నాడు.

"నాయనకు చెప్పకు. నువ్వే మాట్లాడి తాళం తీపియ్యి. నీకు మాటలొస్తయ్ గదా" అంది అమ్మ.

నాకు మాటలు వస్తాయి. దానికే భయం.


జూన్ 15, ఆదివారం

ఆదివారమైనా షాపు తెరిచారు. విత్తనాల కాలం, ఊళ్లన్నిటి మోటార్లూ ఒక్కసారే కాలతాయి.

ఒక పుస్తకంలో చదివిన పద్ధతి ఉంది. ఎదుటివాడు ముగించేదాకా నోరు తెరవొద్దు. తర్వాత అతను అన్నది మన మాటల్లో మళ్లీ చెప్పాలి. అతను ఔనన్నాకనే మన మాట మొదలుపెట్టాలి. పొద్దున మొహం కడుక్కుంటూ రెండుసార్లు అనుకుని పోయాను.

"ఉవైస్, ముందు నువ్వు చెప్పు. నేను ఇంట."

అతను కాలిన తీగ పీకుతున్నాడు. తల ఎత్తలేదు.

"చెప్పనీకి ఏమున్నది? అల్లాకు తప్ప ఇంకొకదానికి మొక్కొద్దు. మనం కట్టెకు బట్ట కట్టి ఊదు వేసి మొక్కుతున్నం. మా తాత చేసిండు, మా నాయన చేసిండు, తెల్వక చేసిన్రు. నాకు తెలిసినంక ఎట్ల చెయ్యాలె? పెట్టె తెరిసేది నా చెయ్యి. రేపు జవాబు చెప్పుకునేది నేను. ఇంకోటి. హుస్సేన్ సాబ్ నీళ్లు దొరకక దూపతోటి పాణం ఇడిసిండు. ఆయన పేరు మీద వీళ్లు సీసాలు ఎత్తుతరు. పోయినేడు తాగి అలావా నిప్పుల గుండంల పడి ఒకడు కాలు కాల్చుకుండె. మర్సిపోయినవా?"

నేను పది లెక్కపెట్టుకున్నాను.

"అంటే నువ్వనేది ఏందంటే, తెలిసి గూడ చేస్తే నీ దేవుని ముందట నువ్వు అబద్ధికునివి అయితవ్. పండుగ పేరు మీద తాగుడు నీకు మనసుకు కష్టం. అంతేనా?"

ఇప్పుడు తల ఎత్తాడు. "ఏందిరా, కోర్టుల జడ్జి లెక్క మాట్లాడుతున్నవ్? జరమొచ్చిందా?"

"అంతేనా కాదా చెప్పు."

"అంతే."

ఇద్దరం నవ్వాం. పుస్తకం పనిచేస్తోంది అనుకున్నాను. నాయన సంగతి చెప్పాను, చేయి సంగతి, డాక్టరు మాట. అతను మధ్యలో అడ్డం రాలేదు. అతను ఏ పుస్తకమూ చదవలేదు మరి.

"కాక సంగతి నాకు తెల్వదారా? తాగుడు బంద్ చేసిండంటే మీ అమ్మ తర్వాత ఖుషీ అయ్యింది నేను. ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నువ్వు నమ్ముతవా పీరును?"

"లేదు."

"మరి నువ్వు నమ్మని దాని కోసరం, నేను నమ్మేదాన్ని ఇడిసిపెట్టమంటున్నవ్. నువ్వే చెప్పు, ఏం న్యాయం ఇది?"

ఇక్కడ ఏం చేయాలో పుస్తకంలో లేదు.

నేను కోపానికి రాలేదు. మర్యాదగానే మాట్లాడాను. లేచి వచ్చేశాను, అంతే.


జూన్ 16, సోమవారం

స్పానర్ గోడకు విసిరాను. ఉవైస్ మీదికి కాదు. గోడకే. పెచ్చు ఊడిన చోటు చూసి ఏమైందిరా అన్నాడు సేటు. "జారి పడ్డది సేటూ" అన్నాడు ఉవైస్. తల ఎత్తున ఉన్న పెచ్చు అది.


జూన్ 18, బుధవారం

గణేష్‌ది ఊళ్లో పాల కేంద్రం. పొద్దున అమ్మ బదులు పాలు నేను తీసుకుపోయాను. అందరూ పోయేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"గణేష్, నువ్వు ముందు చెప్పు. నేను ఇంట."

"ఏం చెప్పాలె? మీ అమ్మ పాలల్ల నీళ్లు ఎక్కువున్నయ్, అది చెప్పాల్నా?"

"పీర్ల సంగతి."

"ఓ, గదా!" క్యాను మూత బిగించి వచ్చి కూర్చున్నాడు. "వాళ్ల పిలగాడే వద్దంటుంటే నీకేం నొప్పి? కోపానికి రాకు అన్నా, ఇను. మనకు దేవుళ్లు తక్కువైన్రా? ఇంకొకరి దేవుణ్ణి మన నాయనలు ఎందుకు ఎత్తుకోవాలె? మన గుడి పల్లకి వాళ్లు మోస్తరా? నేను వాళ్లను ఒక్క మాట అనలే. ఉవైస్‌గాడు మంచోడు. ఎవరిది వాళ్లు చేసుకుంటె లొల్లి ఉండదు అంటున్న. తప్పా?"

మళ్లీ చెప్పాను అతని మాటలు అతనికి. ఔనన్నాడు. నాయన సంగతి చెప్పాను. గణేష్ వాళ్ల అన్న తాగి తాగి పోయాడు. పోయిన నాడు పాడె పట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

"తాగుడు సంగతి నాకు చెప్తవా? హనుమాన్ మాల వేపియ్యి మీ నాయనకు. నేను దగ్గరుండి వేపిస్త. బీచుపల్లికి నా బండి మీద తీస్కపోత. పొద్దుగాల సన్నీళ్ల స్నానం, ఒక్క పూట తిండి, నేల మీద పండుడు. మనిషి నిలబడ్తడు. వైశాఖంల నేను నిలబడ్డ గదా."

మంచి మాట. మనసులో నుంచి వచ్చిన మాట. దానికి నేను చెప్పిన జవాబు ఇది:

"నలభై ఒక్క రోజులు నిలబడ్డవ్. నలభై రెండో నాడు పెబ్బేరుల బీరు తాగిందెవరు?"

ఎందుకు అన్నానో తెలియదు. అతని మెడ మీద మాల ఒరిసిన మచ్చ కనబడింది. అంతకు మించి కారణం లేదు.

"తాగిన" అన్నాడు గణేష్. "ఒక్కటి. సిగ్గయితుంది నాకు. నీకు దేవుడు లేడు, మాల లేదు, నేమం లేదు. మంచిది. నలభై ఒక్క రోజులు గూడ వద్దు, నెల పొడిసేదాక కోపానికి రాకుండ ఉండు. ఉండి, అప్పుడొచ్చి నాతోటి మాట్లాడు."

పాల డబ్బా అక్కడే మరిచి వచ్చాను. మధ్యాహ్నం కడిగి ఇంటికి పంపించాడు.


జూన్ 19, గురువారం

మొదటి రోజు. కోపం రాలేదు.

మధ్యాహ్నం బస్సు చేయి ఎత్తినా ఆపలేదు. రాయి తీసుకున్నాను గాని వేయలేదు. అంటే వేశాను, తగలలేదు. రేపటిని మొదటి రోజు అనుకుంటాను.


జూన్ 21, శనివారం

నాయనకు తెలిసింది.

నెలవంకకు ముందు సావిడికి సున్నం కొట్టేది ప్రతి ఏడూ ఆయనే. అమ్మా నేనూ తొమ్మిది రోజుల నుంచి దాచిపెడుతున్నాం గాని సున్నం సంగతి ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇదీ మా తెలివి. పొద్దున బకెట్టు, కుంచె పట్టుకుని పోయాడు. బకెట్టు నిండుగా తిరిగి వచ్చింది.

"తాళం కొత్తది" అన్నాడు. వాకిట్లో చేతులు కడుక్కున్నాడు. సున్నం అంటనే లేదు చేతులకు. మళ్లీ కడుక్కున్నాడు.

గణేష్ మాట చెప్పాను. బీచుపల్లి, మాల, బండి మీద తీసుకుపోతాడట అని.

"ఆంజనేయస్వామి తక్కువ దేవుడా? కాదు. కాని గణేష్ మాల నా మెడల వేస్తడు. గ్లాసు పట్టేది చెయ్యిరా, మెడ కాదు. ఈ చెయ్యి ఒకరికి ఇచ్చిన. ఇచ్చినదాన్ని తీసి ఇంకొకరికి ఇస్తరా?"

"ఎత్తుకునుడు లేకుంటే ఏమైతది నాయనా?"

"మళ్ల ఎత్తుకునేదాక అన్న."

"ఎత్తుకోకుంటే ఇంగ ఎన్నడు ముట్టేది లేదన్నట్టే గదా" అంది అమ్మ వంటింట్లో నుంచి.

నాయన నవ్వాడు. "నేను వకీలు దగ్గర మాట ఇయ్యలేదు జోగులమ్మా."

తర్వాత చేనుకు పోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. పిల్లవాడి చేయి పట్టుకుని జాతరలో నిలబడినట్టు.

ఆయన గోడకు ఆనుకుని కూర్చోవడం నేను ఏడాది నుంచి చూడలేదు.


జూన్ 23, సోమవారం

ఉవైస్ వాళ్ల నాయనను బండి మీద తెచ్చి మా వాకిట్లో దించాడు. బాబా కట్టె ఆనించుకుని మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ మొదట వాన గురించి మాట్లాడారు.

"బాలస్వామీ, నా కొడుకు చెప్పేది తప్పని నేను ఎట్ల అనాలె? వాడు చదివిండు. నేను మా నాయన చేసిండని చేసిన. ఏది నిజమో అల్లాకు తెలుసు. ఇన్నేండ్లు నీతోటి తప్పు చేపిచ్చిన్నా, మంచి చేపిచ్చిన్నా, నాకు నిద్ర వస్తలేదు."

"నువ్వు పరేషాన్ గాకు అన్నా. మోకాళ్లకు ఆముదం రాస్తున్నవా?" అన్నాడు నాయన.

నేను పళ్లు బిగబట్టి లోపలికి పోదామనుకున్నాను. అప్పుడు ఉవైస్ వచ్చి మా నాయన ముందు నేల మీద కూర్చున్నాడు.

"కాకా, నా మాట ఇను. డప్పు లేదు, అలావా లేదు, మంది లేదు. నెల పొడిసిన నాడు నేను తాళం తీస్త. నేను మొక్కను, నేను ముట్టను. పెట్టె మా నాయన తెరుస్తడు. నువ్వొక్కనివి లోపటికి పోయి ఎత్తుకో. పదో నాడు నువ్వే పెట్టెల పెట్టు. ఇది పండుగ కాదు. నువ్వు ఇచ్చిన మాట తీర్చుకునుడు. మనిషి మాట తీర్చుకుంటానంటే అడ్డం పడమని నా దీన్‌ల ఎక్కడ లేదు."

నాయన కుడి చేయి చాపి ఉవైస్ తల మీద పెట్టాడు.

"గణేష్ ఊకుంటడా?" అన్నాను నేను.

"మాట్లాడిన. ఒక్క మనిషి పాణం కోసరమైతే నేను అడ్డం రాను అన్నడు. నీ గురించి గూడ ఒక మాట అన్నడు. అది చెప్పను."

మా వాళ్లలో పెద్దలు ఉన్నారు, అటు గణేష్ సంఘం పిల్లలు ఉన్నారు, ఎవరికీ అనుమానం లేకుండా బుధవారం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని చెప్పుకుంటే అయిపోతుంది అన్నాడు ఉవైస్. బండి స్టార్ట్ చేసి నా వైపు చూశాడు.

"నువ్వు రాకున్నా ఏం కాదు."

నేను రాకపోతే ఎట్లా? మా నాయన సంగతి కదా.


జూన్ 25, బుధవారం

మీటింగ్ జరిగింది. నేను ఒక్కటే మాట అన్నాను. లెక్క ప్రకారం అది సరైన మాట.


జూన్ 26, గురువారం, పొద్దున

ఒక్కటి కాదు. రెండు మాటలు అన్నాను. రాసుకోకపోతే రేపటికి ఇంకో తీరుగా గుర్తుంటుంది.

పాత సర్పంచి రామచంద్రయ్య కుర్చీలో, మిగతావాళ్లం చాపల మీద. ఉవైస్ బాగా మాట్లాడాడు. గణేష్ లేచి "మాకు అభ్యంతరం లేదు" అన్నాడు. ఉవైస్ వాళ్ల మేనమామ ఒకాయన "ఒకనికి తీస్తే రేపు అందరు అడుగుతరు" అని గొణిగాడు గాని గట్టిగా అనలేదు. అయిపోయింది. లేవడమే తరువాయి. అప్పుడు రామచంద్రయ్య తువ్వాల భుజాన వేసుకుంటూ అన్నాడు: "తాగుబోతోనికి పట్టుకోనీకి ఏదో ఒకటి ఉండాలె లే. మొన్నటిదాక సీసా, ఇప్పుడు పీరు."

అందరూ నవ్వారు. గణేష్ నవ్వలేదు. ఉవైస్ నా చొక్కా పట్టుకున్నాడు, "కూసోరా" అన్నాడు.

నేను లేచాను. "తాళం సావిడికి ఎందుకు పటేలా? నీ బామ్మర్ది ఇంట్ల బెల్టు షాపు నడుస్తుంది, దానికి వెయ్. అక్కడ దొరికే సీసాలు తాగే గదా మా నాయన గిట్లయ్యింది." ఇది మొదటి మాట. ఇది ఇప్పటికీ అంటాను. ఎవరు వద్దన్నా అంటాను.

గొడవ లేచింది. మేనమామకు గొంతు వచ్చింది, గణేష్ వెనక పిల్లలకు గొంతు వచ్చింది. ఎందుకు తియ్యాలె, ఎందుకు మొయ్యాలె. అయిపోయిన సంగతి మళ్లీ మొదటికి వస్తోంది. నాకు కళ్ల ముందు ఎర్రగా ఉంది. అందరి గొంతుల మీద నుంచి అరిచాను:

"లోపట ఏమున్నదని కొట్టుకుంటున్నరు? కట్టెకు కొట్టిన ఇత్తడి రేకు! పాత సామాన్లోడు కిలో లెక్కన కొంటడు! గా రేకును ఒక ముసలోడు పట్టుకుంటె మీ ఇద్దరి దేవుళ్లకు పొయ్యేదేంది?"

అందరూ ఊరుకున్నారు. గెలిచాను అనుకున్నాను. ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను. తర్వాత చూస్తే ఉవైస్ కళ్లు నా మీద లేవు. నా వెనక ఉన్నాయి.

నాయన. ఉతికిన చొక్కా వేసుకుని, జరీ ముక్క మడిచి చేతిలో పట్టుకుని బోరింగు దగ్గర నిలబడి ఉన్నాడు. బాబా రమ్మన్నాడట. ఎప్పుడు వచ్చాడో తెలియదు. వెనక్కి తిరిగి మెల్లగా పోయాడు. జరీ ముక్కను జేబులో పెట్టుకోబోయి, పట్టక, చేతిలోనే ఉంచుకున్నాడు.


అదే రోజు, పొద్దుమూకి

నెలవంక కనబడింది. ఉవైస్ వచ్చాడు.

"కాకా, తాళం తీసిన. రా."

నాయన లేవలేదు. నేను తలుపు చాటున ఉన్నాను.

"నిన్న అన్నది నీ కొడుకు మాట. నేనిచ్చింది నా మాట. వాడు అరిస్తే నా మాట రద్దు కాదు. లే కాకా."

"లేసి వచ్చి ఏం పట్టుకోవాలె బిడ్డా? ఇత్తడే గదా."

"నేను గూడ గదే అంటున్న ఎన్నటి సంది" అన్నాడు ఉవైస్. "కాని నీ నోట్ల నుంచి వస్తే ఇననీకి నాకు మంచిగ లేదు కాకా."

అతను పోయాక నేను నాయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నాయనా, కోపంల అన్న."

"కోపంల అన్నా, నువ్వు నమ్మిందే అన్నవ్. చిన్నప్పటి సంది అబద్ధం ఆడవు నువ్వు." నా వీపు నిమిరాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అబద్ధం ఆడవచ్చు కదా ఇప్పుడైనా. పీరు ఉంది నాయనా, నేను నమ్ముతున్నా అనవచ్చు కదా. నోరు తెరిచాను. రాలేదు.


జూన్ 27, శుక్రవారం

తాగాడు.


జూన్ 28, శనివారం

తాగాడు. బెల్టు షాపుకు పోయి అరవలేదు నేను. దేనినీ పగలగొట్టలేదు. గణేష్ చెప్పిన నేమం ఇప్పుడు కుదిరింది. కోపం రావడం లేదు. వెతికినా లేదు.


జూన్ 30, సోమవారం

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"చూసినవా?"

"ఏం చూడాలె? రోజూ చూస్తున్నదే."

"చెయ్యి చూడు."

వాకిట్లో నాయన గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఎడమ చేయి ఆయనకు వాటం లేదు. సగం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతోంది. కుడి చేయి తుండుగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాడు. సీసా మూత కూడా పళ్లతో తీశాడు.

"మొదటి నాటి సంది గంతే" అంది అమ్మ. "అన్నం గూడ స్పూనుతోటి, ఎడమ చెయ్యితోటి తింటుండు. ఆ చెయ్యిని దేనికీ తీస్తలేడు."

నాకు ఏం అర్థం చేసుకోవాలో తెలియలేదు. అమ్మకు అర్థమైంది. ఏడుస్తూనే ఆమె మొహంలో ఏదో ఉంది. దాన్ని ఆశ అనడానికి నాకు ధైర్యం లేదు.


జూలై 2, బుధవారం

గణేష్ రోజూ పాల కేంద్రం మూసి వచ్చి నాయన పక్కన కూర్చుంటున్నాడు. మాల మాట ఎత్తడు. తాగొద్దు అనడు. పత్తి మొలకల గురించి మాట్లాడతాడు. ఈ రోజు పోతూ నాతో అన్నాడు: "ఉవైస్‌గాడు వాళ్ల మామ తోటి మాటలు పడుతుండు, తలుపు తెరిచి పెట్టిండని. నువ్వు వాని తోటి మాట్లాడుతలేవట?"

"ఏం మొహం పెట్టుకొని మాట్లాడాలె?"

"మాట్లాడేది నోటితోటి అన్నా, మొహంతోటి కాదు."

షాపులో ఉవైస్ దగ్గరికి పోయాను. క్షమించమని అడగాలని పోయాను. నా నోట్లో నుంచి వచ్చింది "వార్నిష్ డబ్బా ఇటియ్యి" అని. ఇచ్చాడు. తర్వాత తనే చెప్పాడు: "నాయన పెట్టె తెరిసిండు. పెద్ద పీరు గోడకు ఆనిచ్చి ఉన్నది. ఎవరూ ఎత్తలే. ఆదివారం పదో నాడు, పొద్దుమూకేదాక తలుపు తెరిచే ఉంటది. ఆ తర్వాత పెట్టె, తాళం. మళ్ల తెరవను అనిల్. నాతోని గంతే అయితది. అంతకంటె ఎక్కువ అడగకు."

అడగలేదు.


జూలై 4, శుక్రవారం

పొద్దున నాయన వాంతి చేసుకున్నాడు. అందులో నెత్తురు. వనపర్తి దవాఖానకు పోదాం అంటే రానన్నాడు. "ఆదివారం కానీ" అన్నాడు. ఆదివారం ఏముంది అంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కుడి చేయి పొట్ట కింద దాచుకుని.

పనికి పోలేదు నేను. సావిడికి పోయాను. లోపల దీపం లేదు, ఊదు లేదు. సగం గోడకు సున్నం రాలిపోయింది, ఉన్నది పోయినేటిదే. పెద్ద పీరు మూలకు ఆనించి ఉంది. ఇత్తడి రేకే. నేనన్నది అబద్ధం కాదు. నడిమి వేలు కొసన చిన్న సొట్ట ఉంది. అరచేయి మాత్రం నున్నగా అరిగి ఉంది, ఒక మనిషి చేయి ఎన్నో ఏళ్లు ఆని ఆని అరిగినట్టు.

దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. పుస్తకంలో పద్ధతి ప్రకారమే. ముందు నువ్వు చెప్పు, నేను వింటా అన్నాను. ఏం చెప్పలేదు. మళ్లీ చెప్పడానికి నా దగ్గర దాని మాట ఒక్కటీ లేదు.

కాబట్టి ఇప్పుడు నా మాట. అక్కడ నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి రాస్తున్నాను.

నేను నిన్ను నమ్మను. ఇది రాసేటప్పుడు కూడా నమ్మను. ఉవైస్ నిన్ను మొక్కడు, గణేష్ నిన్ను ఎత్తుకోడు. వాళ్లిద్దరూ మా నాయన కోసం వంగవలసినంత వంగారు. వంగనిది నేను. నన్ను ఏమైనా చెయ్యి. నేను దండం పెట్టను, పెడితే అది అబద్ధమని ఆయనకు తెలిసిపోతుంది. కాబట్టి మొక్కడం లేదు, అడుగుతున్నాను. మా నాయన తన కుడి చేయి ఇంకా నీకే దాచిపెట్టాడు. మందుకు ఇవ్వలేదు, అన్నానికి కూడా ఇవ్వలేదు. నువ్వు ఉంటే అది నీ బాకీ. లేకపోతే నా బాకీ, నాకు తీర్చడం చేతకావడం లేదు. ఆయనను పిలువు. నేను పిలిస్తే రావడం లేదు. నా గొంతులో ఏం ఉందో ఆయనకు తెలుసు. నువ్వే పిలువు, ఎట్లా పిలుస్తావో పిలువు.

తలుపు ఆదివారం పొద్దుమూకేదాకానే తెరిచి ఉంటుంది. ఆ లోపు నాకు జవాబు కావాలి.